ముప్పై మూడు లక్షల మైక్రోవోల్టులు

విశ్వవిద్యాలయం ల్యాబులో నేను ప్రాజెక్టు ఇంజనీరుగా ఉన్న రోజులవి. పొలంలో తేమ కొలిచే చిన్న పరికరం మీద ఒక పరిశోధక విద్యార్థిని పనిచేసేది. కడప వైపు అమ్మాయి. బోర్డు మీద ప్రతి చిప్పూ తన చేత్తోనే అతికించింది. ఏ చిప్పు ఎక్కడుందో, దానికి ఎన్ని వోల్టులు ఇవ్వాలో పరికరానికి చెప్పే ఫైలు రాయడం నా వంతు.

పాత బోర్డు ఫైలు కాపీ చేసి, పేర్లు మార్చి, అవసరమనిపించిన వరుసలు దిద్దేవాణ్ణి. అందరం అంతే చేసేవాళ్ళం. ఆమె మాత్రం ప్రతి అంకె పక్కనా అదేమిటో రాసిపెట్టేది.

“ఈ ముప్పై మూడు లక్షలు ఏందో రేపు చూసేవాళ్ళకు ఎట్ల తెలుస్తాది సార్?”

“మైక్రోవోల్టులు, పది లక్షలైతే ఒక వోల్టు. తెలిసినోళ్ళకు తెలుస్తది. ఫైలు మిషన్ చదువుతది తల్లీ, నువ్వేమన్న నవల రాస్తున్నవా?”

ల్యాబంతా నవ్వింది. ఆమె రాసిన వివరణలన్నీ చెరిపేశాను. ఒక్కో చిప్పుకు గరిష్ఠ వోల్టుల పరిమితి రాసి, దాటితే పట్టుకునే తనిఖీ పెడదామని ఆమె అంటే టైం లేదన్నాను.

ఆమె పరిశోధన కొనసాగాలా వద్దా అని కమిటీ తేల్చే రోజుకు ముందు, తేమ కొలిచే సెన్సార్ చిప్పును ఆమె మార్చింది. కొత్తదానికి వోల్టులు సగమే కావాలి. ఫైల్లో పేరు మార్చాను, అంకె మార్చలేదు.

కమిటీ ముందు ఆమె స్విచ్ వేసింది. పొగ రాలేదు. తెర మీద అన్నీ సున్నాలే. చిప్పు ముట్టుకుంటే వేలు కాలింది.

“ఏందమ్మా, అతుకులు సరిగ్గ చూస్కోవద్దా?” అన్నారు ప్రొఫెసర్.

“చూసుకున్నాననుకున్నా సార్,” అంది తల వంచుకుని.

నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను. నాకప్పటికే అనుమానం వచ్చింది. అందరూ వెళ్ళాక ఫైలు తెరిచి చూశాను. అంకె దిద్ది, ఏం మార్చామో రాసే చోట ‘చిన్న సవరణ’ అని రాశాను. ఎవరికీ చెప్పలేదు. ఆ నెలలోనే ఆమె పరిశోధన మానేసింది.

పోయిన నెల తార్నాక మెట్రో మెట్ల దగ్గర కనిపించింది. అక్కడే కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతోందట. ఆటోల మోతలో నిలబెట్టి అంతా చెప్పాను.

“ఆ పొద్దే చెప్పింటే ఇంకో చిప్పు అతికించుకునేదాన్ని గదా సార్. నా చెయ్యే మంచిది గాదనుకున్నా.”

క్లాసుకు టైమైందని ఆమె వెళ్ళిపోయింది.