నడుము తొక్కుడు

సుమలత సూర్యాపేటలో ఒక దవాఖానలో నర్సు. ఎముకలు గుల్లబారిన ముసలివాళ్లను మంచం మీద ఎలా తిప్పాలో, ఎలా లేపాలో కొత్త నర్సులకు ఆమే నేర్పుతుంది. ఎవరైనా చేయి పట్టి గుంజారంటే అక్కడికక్కడే కసురుతుంది.

పోయిన వారం తీసిన ఎక్స్‌రేలో తన తల్లి బుచ్చమ్మ వెన్నుపూస ఒకటి నలిగి కనిపించింది. ఇన్నాళ్లూ ఆమె నడుము నొప్పి పత్తి ఏరడం వల్ల వచ్చిందే అనుకున్నారు. అప్పటి నుంచి సుమలతకు కంటి మీద కునుకు లేదు. వంగకు, బరువులెత్తకు, తడి నేల మీద నడవకు అని తల్లికి పదే పదే చెప్పింది. నడుము తొక్కించుకోకు అని చెప్పాలని మాత్రం తట్టలేదు.

ఆ సాయంత్రం తిరుమలగిరిలో బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి తల్లి చాప మీద బోర్లా పడుకొని ఉంది. అన్న కూతురు వర్షిత కిటికీ ఊచలు పట్టుకొని నానమ్మ నడుము మీద నిలబడి తొక్కుతోంది.

సుమలతకు పై ప్రాణాలు పైనే పోయాయి. అరవబోయి నోరు నొక్కుకుంది. అరిస్తే పిల్ల ఉలిక్కిపడి ఎగురుతుంది. ఆ అదురుకు ఎన్ని పూసలు విరుగుతాయో!

"బిడ్డా, ఊచలు ఇడువకు. ఒక్కో కాలు మెల్లగ కింద పెట్టు," అంది.

పిల్ల దిగింది.

"గప్పుడే దించినవేందే? ఇప్పుడిప్పుడే పానం నిమ్మలమైతాంది," అని విసుక్కుంటూ బుచ్చమ్మ చేయి చాచింది. "సరే, జర లేపు బిడ్డా."

సుమలత ఆ చేతిని పట్టుకోలేదు. చాప పక్కనే కూలబడింది.

"జర ఆగవే అమ్మా. ఎట్ల లేపాల్నో యాదికొస్తలేదు."