విజయరత్నమ్మ ఎర్రసముద్రం

గాజువాకలో విజయరత్నమ్మ దగ్గర సండే స్కూల్ చదవనివాళ్ళు ఎవరైనా ఉన్నారేమో వెతుక్కోవాలి. ఆటోనగర్‌లో వెల్డింగు చేసేవాళ్ళూ, సీతమ్మధార ఆసుపత్రుల్లో సూదిమందు ఇచ్చే నర్సులూ ఒకప్పుడు ఆవిడ ముందు చాప మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నవాళ్ళే. ఆ గర్వం ఆవిడకి నిండుగా ఉంది. ఉంటే తప్పేముంది?

పెళ్ళయిన కొత్తలో కోరాగుడ్డ మీద తనే రంగులేసి ఒక పటం తయారుచేసింది. ఐగుప్తు నుంచి కనానుకి మోషే జనాన్ని నడిపించిన దారి అది. అందులో ఎర్రసముద్రాన్ని మందారపువ్వంత ఎర్రగా పూసిపారేసింది. సముద్రం నీలంగా కదా ఉంటుంది, రోజూ పోర్టు పక్కనుంచే కదా పోతున్నాం అని ఎంతమంది చెప్పినా వింటేనా!

"పేరే ఎర్రసముద్రం. నీలం ఏత్తే పిల్లలు నమ్ముతారేటి?" అనేది. చర్చి పెద్దలు చాటుగా నవ్వుకున్నారు. రంగు వెలిసినప్పుడల్లా ఆవిడ మళ్ళీ ఎరుపే పూసింది.

ఈ ఏడు మోకాళ్ళు మొరాయించాయి. బెత్తంతో దారి చూపిస్తూ పటం పక్కన నిలబడటం ఆవిడ వల్ల కావడం లేదు. చర్చి సెక్రటరీ ఎడ్వర్డు ఇంటికొచ్చాడు. అతనూ ఒకప్పుడు ఆ చాప మీదివాడే.

"కుర్సీలో కూకుంటే బెత్తం అందదు కదమ్మగారూ. ఇంక రెస్టు తీసుకోండి. ఆ పటం కూడా పాతబడిపోనాది, అచ్చుది తెప్పిత్తాం" అన్నాడు, మర్యాదగానే.

ఆ క్లాసు పోతే ఇక ఆదివారం ఎందుకు తెల్లారాలో కూడా విజయరత్నమ్మకి తెలీదు.

"శనివారం ఓపాలి వొచ్చి సూడు. కుర్సీలోంచే సెప్తాను. వెనక వరసోడికి కనపడకపోతే నానే మానేత్తాను" అంది.

అంది గానీ ఎలా చెప్పాలి? ఆవిడ భర్త యోహాన్, స్టీలు ప్లాంటులో ఎలక్ట్రీషియన్‌గా రిటైరైన మనిషి, బెత్తానికి బదులు దూరం నుంచే చుక్కతో చూపించొచ్చని బజారుకెళ్ళి ఎర్ర లేజరు లైటు కొనుక్కొచ్చాడు. కోడలు అక్సా ఆఫీసు మీటింగుల్లో వాడే ఆకుపచ్చది ఇచ్చింది. రెండింటిలో ఏది ఎక్కువ వెలుగుతుందో తేలాలి కదా! మిట్టమధ్యాహ్నం కిటికీలకి దుప్పట్లు కట్టి, వంటింటి గుమ్మంలోంచి హాలు గోడ మీదికి కొట్టారు. ఆకుపచ్చ చుక్క భగ్గుమంది. ఎర్రది దాని పక్కన వెలవెలబోయింది.

యోహాన్ ఒప్పుకుంటేనా! పెరట్లో దీపానికున్న సోలారు పలక ఊడదీసి, మీటరు తగిలించి, రెండు లైట్లూ ఒకదాని తర్వాత ఒకటి దాని మీద కొట్టాడు. మీటరులో ఎర్రదానికే పెద్ద అంకె వచ్చింది.

"సూసేవా రత్నం? ఎర్రదే ఎక్కువ. మీటరు అబద్ధమాడదు."

"మీటరు ఆడదులే బావా. పిల్లలు మీటర్లట్టుకుని క్లాసుకొత్తారేటి?" అంది ఆవిడ. మేనబావని కట్టుకుంది కాబట్టి ఇన్నేళ్ళయినా పిలుపు బావే.

"మన కళ్ళకి ఆకుపచ్చే బాగా ఆనుతాది మావయ్యా. అత్తయ్యే కరెక్టు" అని అక్సా తీర్పు చెప్పేసింది. యోహాన్ ఎర్రదాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

శనివారం చర్చి హాల్లో ఎడ్వర్డు వెనక వరసలో, పిల్లల చోటే, చాప మీద కూర్చున్నాడు. విజయరత్నమ్మ కుర్చీలోంచి పాఠం ఎత్తుకుంది. పటంలో ఐగుప్తు ఇసుక మీద ఆకుపచ్చ చుక్క బుద్ధిగా నడిచింది. ఎడ్వర్డు తలూపాడు. చుక్క ఒడ్డుకొచ్చింది. మోషే కర్ర ఎత్తాడు. జనం సముద్రంలోకి దిగారు, అంతే, చుక్క మాయమైంది. వేలు మీట మీదే ఉంది. ఎర్రరంగు ఆ ఆకుపచ్చ వెలుగుని మింగేసింది.

"అమ్మగారూ, జనం ములిగిపోనారు" అన్నాడు ఎడ్వర్డు. నవ్వుతూనే అన్నాడు. ఆవిడ మీట మళ్ళీ మళ్ళీ నొక్కింది. తను పంతం పట్టి పూసిన రంగే చివరికి తన క్లాసుని ముంచింది.

ఆవిడకి తోడొచ్చి గోడవార కూర్చున్న యోహాన్ లేచొచ్చి, జేబులోంచి ఎర్రదాన్ని తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. నొక్కింది. ఎర్ర సముద్రం మీద ఎర్ర చుక్క కణకణమంటూ వెనక వరస దాకా కనిపించింది. ఆవిడ పాఠం మళ్ళీ అందుకుంది. కుడిచేతి ఎర్రచుక్కతో జనాన్ని సముద్రం దాటించి, ఎడమచేతి ఆకుపచ్చచుక్కతో సీనాయి అరణ్యంలోకి నడిపించింది.

ఎడ్వర్డు లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు, చిన్నప్పుడు పాఠం అప్పజెప్పినట్టే.

"రేపట్నించి మీరే సెప్పండమ్మగారూ. అచ్చుపటం వొద్దులెండి, అందులో సముద్రం నీలంగా ఉంటాది."

"నాను ఎర్రగా ఎందుకేసేనో ఇప్పటికి తెలిసిందేటి?" అంది విజయరత్నమ్మ, ఇదంతా ఆనాడే ఆలోచించి వేసినట్టు.

షేర్ ఆటోలో ఇంటికెళ్తూ భర్తని అడిగింది. "ఓడిపోనదాన్ని జేబులో ఎందుకేసుకొచ్చేవు బావా?"

"పెళ్ళయిన కాడ్నించి నీ సేతిలో ఓడిపోతన్నాను. నన్ను పారేసేవేటి?"

ఆటో నిండా జనం. అందులో సగంమంది తన శిష్యులే. అయినా ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని ఇల్లొచ్చేదాకా వదల్లేదు.