అతుకులక్క బల్ల

ఆఫీసులో ఆవిడను అందరూ అతుకులక్క అంటారు. ఎక్కడెక్కడివాళ్లో రాసి ఉచితంగా వదిలేసిన ప్రోగ్రాములకు అతుకులు వేసి విండోస్‌లో నడిపించడం ఇరవై రెండేళ్లుగా ఆవిడ పని. ఈసారి వచ్చింది కింద గోదాములో కాటా చూపే బరువును కంప్యూటర్‌కు చేరవేసే సి భాష ప్రోగ్రాముల లైబ్రరీ. రాసిన మహానుభావులు విండోస్ మొహం కూడా చూసినట్టు లేరు. ఒక తప్పు సరిచేస్తే పది లేచి కూర్చున్నాయి. పదకొండో రోజు మధ్యాహ్నానికి ఎలాగో బిల్డ్ అయి ప్రోగ్రాము తయారైంది, తన బల్ల మీది కంప్యూటర్‌లో పరీక్షలన్నీ పాసయ్యాయి. అక్క నడుం పట్టుకుని లేచి, పెన్‌డ్రైవ్‌తో మూడంతస్తులు దిగింది.

గోదాములోని కంప్యూటర్ మాత్రం ఏదో ఫైలు లేదంటూ మొరాయించింది. ప్రోగ్రాము తయారుచేసే కంపైలర్‌తోపాటు తన కంప్యూటర్‌లో చేరిన డీఎల్‌ఎల్ ఫైలు అది. వెంట తేవడం మరిచిపోయింది. మొట్టమొదటి ఉద్యోగంలోనూ సరిగ్గా ఇదే మరిచిపోయింది.

"నా బల్ల దగ్గర బాగానే నడిచింది బాబాయ్," అంది నీరసంగా.

కాటా చూసే బాబాయి తన కుర్చీ ఆవిడ వైపు జరిపాడు.

"అయితే ఆ బల్లే మోసుకురావాల్సింది కదమ్మా. పదకొండు రోజుల్లో ఎప్పుడో దిగిపోయేది."