ఇంకొక్క రవ్వ

శ్రుతి చేసుకోవడానికి ప్రపంచ పోటీలు పెడితే మొదటి బహుమతి మా అమ్మమ్మదే. కాకపోతే ఆవిడ వంతు పూర్తయ్యేసరికి న్యాయనిర్ణేతలు రిటైరైపోయి, వాళ్ళ మనవలొచ్చి ఆ బహుమతి ఇవ్వాలి.

అమ్మమ్మ వాయించేది చెల్లో. చూడ్డానికి వయొలిన్‌కి మేనత్తలా ఉంటుంది. కుర్చీలో కూర్చుని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని వాయించాలి. వాళ్ళది నలుగురి బృందం. మొదటి వయొలిన్ పళ్ళ డాక్టరు గారు (ఇప్పటికీ క్లినిక్ నడుపుతున్నారు లెండి), రెండోది గడియారాలు బాగుచేసే ఆయన, రెంటికంటే కాస్త లావు గొంతున్న వయోలా లెక్కల టీచరమ్మ. మా అమ్మ పుట్టకముందు నుంచీ కలిసి వాయిస్తున్నారు. పేరు రాకపోవడానికి కారణం అమ్మమ్మేనని ఊరంతా అంటుంది.

ఇంట్లో అయితే పొయ్యి మీద పాలు పొంగేలోపు నాలుగు తీగలూ సిద్ధం. వేదిక ఎక్కిందా, ఇక తీగలు బిగించే బిరడాలు తిప్పడమే. "ఇంకొక్క రవ్వ" అంటుంది. మళ్ళీ "ఇంకొక్క రవ్వ". ఓ లైబ్రరీ వార్షికోత్సవంలో జనం ఐస్‌క్రీములు తినేసి ఇళ్ళకి పోయారు.

"జనాన్ని చూస్తే నీ చెవులు మూసుకుపోతాయా అమ్మమ్మా?"

"పరీక్ష పేపరు చూస్తే నీ బుర్ర మూసుకుపోదూ? ఇదీ అంతే."

నేను పదో తరగతిలో రెండుసార్లు కాపురమున్న సంగతి ఆవిడ మరిచిపోనివ్వదు.

అలాంటి బృందానికి రేడియో నుంచి పిలుపొచ్చింది. ప్రత్యక్ష ప్రసారం. ఇన్నేళ్ళకి మొదటిసారి!

"ఎర్రలైటు వెలగ్గానే మొదలెట్టాలమ్మా," అన్నాడు అక్కడి అధికారి. "ఆలస్యమైతే మీ బదులు రికార్డు వేసేస్తాం. ఇక మళ్ళీ పిలవం."

"అలాగే నాయనా," అంది అమ్మమ్మ. ఆ వినయం చూసి నాకు అనుమానమొచ్చింది. పక్కగదిలోనే ఆవిడచేత శ్రుతి చేయించి, "ఇక బిరడా ముట్టుకుంటే నా మీద ఒట్టే!" అన్నాను.

చెల్లో పెట్టెతో నేను స్టూడియోలో ఓ మూల కూర్చున్నాను. ఎర్రలైటు వెలిగింది. అమ్మమ్మ నా ఒట్టు తీసి గట్టు మీద పెట్టి, బిరడా పట్టుకుంది.

అద్దం అవతల అధికారి చేతులు ఊపేస్తున్నాడు. నేను అమ్మమ్మ వేళ్ళనే చూస్తున్నాను. నిక్షేపంలాంటి తీగని కావాలని సడలించింది! బిగించింది. మళ్ళీ సడలించింది. చూపు మాత్రం తీగ మీద లేదు. ఎటు చూస్తోందా అని చూద్దును కదా, పళ్ళ డాక్టరు గారి చేతిలో కమాను గడగడా వణుకుతోంది. ఊరందర్నీ వణికించే చెయ్యి! మిగతా ఇద్దరూ ఏమీ ఎరగనట్టు కాగితాలు సర్దుకుంటున్నారు.

"ఇంకొక్క రవ్వ," అంది అమ్మమ్మ, రేడియోలో ఊరంతా వినేలా.

అధికారి చెయ్యి రికార్డు మీట మీదికి పోయింది. కమాను వణుకు కాస్త తగ్గింది. ఇంకాస్త. ఆగింది.

"ఆఁ, కుదిరింది."

నాలుగు కమానులూ ఒక్కసారే కదిలాయి. అధికారి మీట నొక్కడం మరిచిపోయి అలాగే ఉండిపోయాడు. అంతా అయ్యాక వచ్చే నెలకి కూడా రమ్మన్నాడు. "మీరు మాత్రం పొద్దున్నే వచ్చెయ్యండమ్మా," అని అమ్మమ్మకి విడిగా చెప్పాడు.

బస్టాపు దారిలో ఉండబట్టలేక అడిగాను. "వణుకు ఆయనదని ఒక్కమాట అంటే నీ సొమ్మేం పోయింది? ఇన్నేళ్ళూ చెవిటిదాన్నని అనిపించుకున్నావు!"

"నా చెవులు పోయాయంటే ఎవరికే నష్టం? పళ్ళ డాక్టరు చెయ్యి వణుకుతుందంటే ఎవరు నోరు తెరుస్తారు? ముందు నీ నోరు మూసుకుని ఆ పెట్టె మొయ్యి."