మా చెల్లికి చదివి వినిపించిన రష్యా నవల

ఆ లావుపాటి రష్యా నవల నా దగ్గర నలభై ఏళ్ళుగా ఉంది. విజయనగరంలో పుస్తకాల వ్యాను ఆగినప్పుడు కొన్నాను. అట్ట ఊడిపోతే గోనెగుడ్డ ముక్క వేసి నేనే కుట్టాను. అందులో పెళ్ళయిన పెద్దింటి ఆవిడ ఇంకొకతన్ని ప్రేమిస్తుంది. భర్త ఆమెను వదలడు, ఉంచుకోడు. నిన్నటిదాకా ఆమెను చూసి లేచి నిలబడినవాళ్ళు ఇవాళ తలుపులు మూసుకుంటారు. వాళ్ళలో సగం మంది చాటుగా అదే పని చేస్తున్నవాళ్ళే. దాచుకున్నారు కాబట్టి వాళ్ళు మర్యాదస్తులు. దాచుకోలేదు కాబట్టి ఆవిడ చెడిపోయిన మనిషి. ఆ పేజీల అంచుల్లో నేను పెన్సిలుతో రాసిన తిట్లు ఇప్పటికీ చెరగలేదు. ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. రాజాంలో ధాన్యం కొట్లో కాటా దగ్గర పనిచేస్తూ, బస్తాల వెనక కూర్చుని చదువుకున్నాను. పెద్దమనుషుల కపటం గురించి నాకొకరు చెప్పక్కర్లేదనుకునేవాణ్ణి.

పోయిన వేసవిలో ఆ నవలను మా చెల్లికి చదివి వినిపించడం మొదలుపెట్టాను. భర్త పోయాక ఆమె నా దగ్గరికి వచ్చేసింది. పిల్లల్లేరు. నా భార్య అంతకుముందే పోయింది. చెల్లికి కంటి ఆపరేషన్ చేసి కొన్నాళ్ళు టీవీ చూడొద్దన్నారు. "ఏటో ఒకటి సదువన్నా, పొద్దు పోట్నేదు" అంది. భోజనాలయ్యాక అరుగు మీద చేరేవాళ్ళం.

రష్యా పేర్లు ఆమెకు నోరు తిరగలేదు. భర్తను ఆఫీసరు అంది, ప్రేమించినవాణ్ణి సిపాయి అంది. ఆవిడ మాత్రం మొదటిరోజు నుంచీ "ఆ పిల్ల".

"ఇంత మంచులో ఈలు నీళ్ళెలాగ పోసుకుంతారన్నా?"

"పోసుకోరేమోనే."

"అందుకే ఆ ఆఫీసరికి అంత సిరాకు."

నవలలో విడాకుల గొడవ వచ్చినచోట మాత్రం నన్ను ఆపేసింది.

"ఆ పిల్ల కన్నోరికి కబురెట్టనేదేటి? పెద్దోళ్ళు కూకోని తెగతెంపులు సేసీవోరు కదా."

"వాళ్ళలో అలాటిది లేదే."

"అంత సదువుకున్నోళ్ళలో నేదా?"

నేను పేజీ తిప్పాను.

మాలో ఉండేది. మా తాతల కాలంలో మా రైతు కులంలో మారుమనువు తప్పు కాదు. మొగుడితో పొసగనిది పుట్టింటికొచ్చి చెప్పేది. పెద్దలు చావడిలో కూర్చుని ఇద్దరి మాటా వినేవారు. కలవరనుకుంటే ఎండుగడ్డి పరక ఒకటి ఇద్దరి ముందూ తుంచేవారు. అంతటితో అయిపోయేది. ఇష్టమైనవాడు పది మంది ముందు ఒప్పుకుని తీసుకెళ్ళేవాడు. మా నాయనమ్మ మా తాతను అలా చేసుకున్నదే. ఆ గడ్డిపరక తుంచకపోతే నేనే లేను.

ఆ ఆచారాన్ని ఆపించినవాళ్ళలో నేనొకణ్ణి. మావాళ్ళ చేతిలో నాలుగు డబ్బులు ఆడి, పిల్లలు శ్రీకాకుళం కాలేజీలకు వెళ్ళడం మొదలైన రోజులవి. పై కులాలవాళ్ళు మారుమనువుల గురించి నవ్వుతున్నారని మాకు నామోషీ పట్టుకుంది. ఇకమీదట మన కులంలో ఇది లేదని కులపెద్దలు తీర్మానం చేశారు. చేతిరాత బాగుంటుందని నన్నే రాయమన్నారు. నేను రాయడమే కాదు, నిలబడి చదివాను. నాగరికత గురించి ఉపన్యాసం కూడా ఇచ్చాను. చప్పట్లు కొట్టారు.

మరుసటి ఏడే మా చెల్లి చేతిసంచితో రాజాంలో బస్సు దిగి, ఇంటికి వెళ్ళకుండా నేరుగా కొట్టు దగ్గరికి వచ్చింది. ఆమె భర్తది చీపురుపల్లి దగ్గర ఊరు. కొట్టేవాడు కాదు, తాగేవాడు కాదు. మాట్లాడేవాడు కాదు. ఆమె వండింది తిని, కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు. ఆమెను పేరు పెట్టి పిలిచి రెండేళ్ళయిందట. ఆ ఊరికి చేతిపంపులు బాగుచేయడానికి వచ్చే మనిషి ఒకతను ఆమెతో మాట్లాడాడు. అంతే జరిగింది. కాటా పక్కన నిలబడి, దాపరికం లేకుండా ఆమే చెప్పింది.

"నానింక ఆ ఇంటికెల్లనన్నా. పెద్దోళ్ళని కూకోబెట్టు. ఆ పంపులాయన నలుగురి ముందూ ఒప్పుకుంతానన్నాడు."

"పిచ్చి మాటలాడకు. ఆ తీర్మానం రాసిందెవులో ఎరుకేనా నీకు?"

"నువ్వే రాసినావు. అందుకే నీకాడికొచ్చినాను. రాసినోడు కొట్టెయ్యలేడేటి?"

కొట్టెయ్యగలిగేవాణ్ణే. తీర్మానమంటే మూడు ఠావుల కాగితం. చావడిలో నిలబడి, నేను రాసింది తప్పు అని ఒక్క మాట అంటే చాలు. నన్ను నలుగురిలో తలెత్తుకోనివ్వవా అని ఆమె మీదే అరిచాను. మజ్జిగ తాగించి చీపురుపల్లి బస్సు ఎక్కించాను. కూర్చోవడానికి చోటు దొరికిందో లేదో కూడా చూశాను, అదేదో గొప్ప అక్కరలాగా. ఆ పంపులాయన తర్వాత భిలాయి వెళ్ళిపోయాడని విన్నాను. చెల్లి మాట్లాడని మనిషికి ముప్పై ఎనిమిదేళ్ళు వండిపెట్టింది.

వానలు పడేసరికి నవలలో ఆ పిల్ల చనిపోయే అధ్యాయానికి వచ్చాం. ఆ రోజు చదవడం వద్దనుకున్నాను. చెల్లి ఊరుకోలేదు. చదువుతూ మధ్యలో ఆగాను. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాను.

చెల్లి నా వైపు చూసి మెల్లగా అంది. "నువ్వేడవడం నానింకొక్కపాలే సూసినానన్నా. కొట్టుకాడికొచ్చిన దినం. నీ కళ్ళు ఎర్రగా ఉబ్బిపోయున్నాయి."

నేను కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాను.

"నానొస్తన్నానని నీకెవులో ముందే సెప్పేసుంతారనుకున్నాను. నా గురించే ఏడ్సినావనుకున్నాను. మా అన్న నోటితో ఎల్లమన్నాడు గానీ కడుపులో నేదు, కులపోళ్ళకి బయపడి అన్నాడు అనుకున్నాను. ఆ ఇంట్లో అన్నేళ్ళూ అదే అనుకోని ఉన్నాను."

అవునని ఉంటే సరిపోయేది. ఒక్క మాట. ఆమెకు ఆ నమ్మకమొక్కటే మిగిలింది, దాన్ని అలాగే ఉండనివ్వాల్సింది. కానీ జీవితమంతా పక్కవాళ్ళ అబద్ధాలను వేలెత్తి చూపించినవాణ్ణి. మా చెల్లికి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. అది నిజాయితీయో, ఇంకో రకం కసాయితనమో ఇప్పటికీ తేల్చుకోలేకుండా ఉన్నాను.

"నీ గురించి కాదే" అన్నాను. "నువ్వొస్తావని నాకు తెలీదు. ఆ పొద్దున్న బస్తాల ఎనకాల కూకోని ఈ పుస్తకమే సదువుతున్నాను. ఈ పేజీలే."

ఆమె నా ఒళ్ళోని పుస్తకం వైపు చూసింది.

"ఈ పిల్ల గురించి ఏడ్సినావా?"

"అవును."

"దీని గురించి ఏడ్సిన కళ్ళతోనే నన్ను సూసినావు."

ఆ మాట కోపంగా అనలేదు. సరిచూసుకుంటున్నట్టు అంది. చీర కుచ్చిళ్ళు దులుపుకుని లోపలికి వెళ్ళింది. సాయంత్రం టీ ఇచ్చింది, రాత్రి అన్నం పెట్టింది. మర్నాడు మధ్యాహ్నం అరుగు మీదికి రాలేదు. పిలిచాను.

"పనున్నాది" అంది.

ఆ వేళప్పుడు మా ఇంట్లో పనేమీ ఉండదు. తోమిన గిన్నెలే మళ్ళీ తోముతోంది.

ఆ నవల ఆ పిల్లతో అయిపోదు. ఆమె పోయాక కూడా చాలా పేజీలుంటాయి. మిగిలినవాళ్ళు పొలాలు చూసుకుంటారు, పిల్లల్ని ఎత్తుకుంటారు, దేవుడి గురించి వాదించుకుంటారు. రోజూ భోజనమయ్యాక అవి చదువుతున్నాను. వంటింట్లోకి వినబడేలా గొంతు పెంచి చదువుతున్నాను. నా గొంతు పెరిగినప్పుడల్లా గిన్నెల చప్పుడూ పెరుగుతుంది.