మీనంబాకం నుంచి సెంట్రల్‌కు ఒక చీర

మొన్న ఆదివారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు, పాలగిన్నె పొయ్యి మీద పెట్టి పొంగు కోసం చూస్తూ నిలబడి ఉండగా, మా చిన్నబావ మనవరాలు మద్రాసు విమానాశ్రయం నుంచి ఫోను చేసింది. చిన్నబావ అంటే మా అక్క భర్తకు తమ్ముడు. ఆయన పోయి అప్పటికి పది రోజులు. పుణేలో ఉద్యోగం చేసే ఆ పిల్ల తాతను ఆఖరిసారి ఫోనులోనే చూసింది. ఇప్పుడు పెద్దకర్మకు వస్తోంది.

"తాతా, దిగినా. సెంట్రల్‌కి మెట్రోలో పోనా, కారు పెట్టుకోనా?"

ఎలక్ట్రిక్ రైలెక్కమన్నాను. రోడ్డు దాటితే తిరుసూలం స్టేషను, అక్కడ ఎక్కితే పార్కు స్టేషన్లో దిగవచ్చు, ఎదురుగానే సెంట్రల్, అక్కణ్ణుంచి సూళ్లూరుపేట బండి ఉంటుంది, ఇక్కడ స్టేషన్లో నేనుంటాను, ఇద్దరం కలిసి వాకాడు దగ్గర వాళ్ల ఊరికి వెళ్దామన్నాను. ఆ పిల్ల నవ్వింది.

"పెట్టెతో ఆ రైలెవరు ఎక్కతారు తాతా? నువ్వు ఇంకా ఆ కాలంలోనే ఉండావు," అని పెట్టేసింది. ఈలోగా పాలు పొంగి పొయ్యంతా పారాయి.

నేను ఆ కాలంలో లేను. ఆ కాలమంటే నాకు పడదు కూడా. నా ఈడువాళ్లు నలుగురు సాయంత్రం రైల్వే స్టేషను బెంచీ మీద చేరి ఆ రోజులు బంగారమని చెప్పుకుంటుంటే నేను లేచి వచ్చేస్తాను. ఆ రోజుల్లో మనుషులకు మర్యాదలు ఎక్కువ, బుద్ధి తక్కువ. నా సంగతే చెబుతున్నాను, మరొకరి సంగతి కాదు.

విమానాశ్రయమన్నా నాకు గిట్టదు. నా జీవితంలో విమానం ఎక్కింది మూడే మూడుసార్లు, మూడుసార్లూ చావు కబుర్లకే. బహుశా అందుకేనేమో అనుకునేవాణ్ణి, కానీ అది నిజం కాదు. తలుపు దాటి బయటికి వచ్చీ రాకముందే నలుగురు చుట్టుముట్టి ఎక్కడికి సార్, ఎక్కడికి సార్ అని సంచీ పట్టుకుంటారు, ఇప్పుడైతే ఆ గుంపు ఫోనులోకి వెళ్లింది, అంతే తేడా. ఆ గుమ్మంలో మనిషి ఏదో ఒకటి ఎంచుకోవాలి. బస్సో, రైలో, టాక్సీయో. చూడడానికి చిన్న విషయం. మనసులో పగ పెట్టుకున్నవాడికి ఆ చిన్న విషయం కూడా చేతకాదు. నాకు చేతకాలేదు.

ముప్పై ఏళ్ల పైమాట. బొంబాయిలో ఒక మందుల కంపెనీ గోడౌనులో గుమాస్తాగా ఉన్నాను. మాది అల్లూరు, కానీ అప్పటికే అమ్మా నాన్నా పోయారు, ఇల్లు చేతులు మారింది. అక్కను వాకాడు అవతల, సముద్రపు హోరు వినిపించేంత దూరంలో ఉన్న ఒక ఊళ్లో వరి పండించే ఇంటికి ఇచ్చాం. అక్కకు పుట్టిల్లు అంటే ఇక నేనే, బొంబాయిలో ఒకటిన్నర గదుల వాటా. ఆమె అక్కడికి ఒక్కసారి కూడా రాలేదు. నేనూ గట్టిగా రమ్మని రాయలేదు.

ఒకరోజు సాయంత్రం పక్కింటి ఫోనుకు కబురు వచ్చింది, అక్క పోయిందని. నాలుగు నెలలుగా కామెర్లతో మంచాన ఉందట. ఆ నాలుగు నెలల్లో ఆ ఇంటి నుంచి నాకు కార్డు ముక్క రాలేదు. జబ్బు కబురూ చావు కబురూ నాకు ఒకే ఫోనులో వచ్చాయి. ఈ విషయంలో మా బావను నేను ఇప్పటికీ క్షమించలేదు, ఆయన పోయి ఇరవై ఏళ్లయినా.

మా వైపు ముత్తయిదువ పోతే పుట్టింటివాళ్లు కొత్త చీర, పసుపు, కుంకుమ, గాజులు తెచ్చి, చీర కప్పిన తరువాతనే పాడె ఎత్తుతారు. అంతవరకు అందరూ ఆగుతారు. పుట్టింటి చీర లేకుండా పోయిన మనిషిని గురించి, ఆమెకు వెనకా ముందూ ఎవరూ లేరని, ఊరు చాలాకాలం అనుకుంటుంది. మా అక్క గురించి ఆ మాట రాకూడదు. ఆ సాయంత్రం నాకు తోచింది అదొక్కటే. ఏడవడం కూడా తరువాతే గుర్తొచ్చింది. మాటుంగాలో దుకాణం మూసే వేళకు నా భార్య పరుగెత్తుకుంటూ వెళ్లి ఎర్రంచు పసుపు చీర తెచ్చింది. మా ఆఫీసు పెద్దాయన తెలిసినవాళ్లతో చెప్పి మర్నాటి పొద్దుటి విమానానికి టికెట్ ఇప్పించాడు. గాజులు చిట్లుతాయని ఆ సంచీని దారి పొడుగునా ఒళ్లోనే పెట్టుకున్నాను.

మీనంబాకంలో దిగేసరికి తొమ్మిదిన్నర. బయట కమ్మీలకు ఆనుకుని చిన్నబావ నిలబడి ఉన్నాడు. పుట్టింటివాళ్లకు ఎవరో ఒకరు ఎదురు వెళ్లి తీసుకురావాలి, అది అటువాళ్ల మర్యాద. తెల్లవారకముందే బయలుదేరి వచ్చి అక్కడ నిలబడ్డాడు, పంచె మోకాళ్ల దాకా నలిగిపోయి ఉంది. ఇదంతా ఇప్పుడు రాస్తున్నాను గానీ అప్పుడు నా కంటికి కనిపించింది వేరు. మా అక్క పెళ్లిలో విడిదింట్లో సబ్బు పెట్టలేదని మా నాన్నను నలుగురిలో నిలదీసిన మనిషి ఈయనే. నాకు కనిపించింది ఆ మనిషి.

"బావా, రోడ్డు దాటితే రైలుండాది. సెంట్రల్లో మన బండి పదకొండున్నరకి. పోదాం రా," అన్నాడు.

"మా అక్కకి బాగలేదని చెప్పేదానికి దోవ తెలీలా గానీ, రైలుకి దోవ బాగానే తెలిసిందే నీకు," అన్నాను.

"ఊళ్లో తిట్టు బావా. కూర్చోబెట్టుకోని తిట్టు, వింటా. ఇప్పుడు పద."

"నువ్వు పో. నేను టాక్సీలో వస్తా."

పుట్టింటి చీర పట్టుకుని వచ్చినవాణ్ణి, అత్తింటివాడి వెనక రైల్లో తోసుకుంటూ పోతానా అన్నది పైకి నేను చెప్పుకున్న కారణం. అసలు కారణం ఆయన రైలన్నాడు కాబట్టి. టాక్సీ అని ఉంటే రైలెక్కేవాణ్ణి.

"మౌంట్ రోడ్డులో ఏదో ఊరేగింపంట, రైల్లో అనుకుంటా ఉండారు. టాక్సీ ఆడ నిలబడిపోద్ది," అన్నాడు ఆయన. టాక్సీ అతను వెంటనే అందుకుని, ముప్పావు గంట చాలు సార్, ఎక్కండి సార్ అన్నాడు.

చిన్నబావ, "అట్టయితే చీర నాకియ్యి. నేను ముందు పోయి ఉంటా. నువ్వు ఎప్పుడొస్తే అప్పుడు రా," అని చెయ్యి చాపాడు.

"మా పుట్టింటి చీర మీ ఇంటోడు మోసేదేంది? మాకు చేతుల్లేవా?" అన్నాను.

చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని రోడ్డు దాటి వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. నేను టాక్సీలో వెనక సీట్లో కూర్చుని సంచీ ఒళ్లో పెట్టుకున్నాను. గెలిచినట్టే అనిపించింది, గిండీ దాకా.

సైదాపేట దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. డ్రైవరు ఇంజను ఆపి, దిగి, టీ తాగి వచ్చాడు. కాసేపటికి ఇంకో టీ తాగాడు. ఎలక్ట్రిక్ రైళ్లు పోతున్న చప్పుడు కూర్చున్న చోటికి వినిపిస్తూనే ఉంది. ఒకటి పోయింది, రెండోది పోయింది, మూడోది కూడా పోయింది. దిగి నడిస్తే సైదాపేట స్టేషను పది నిమిషాలు. ఈ సంగతి నాకు తెలుసు. డ్రైవరు కూడా, పాపమనిపించిందేమో, రైలుకు పొండి సార్ అన్నాడు. నేను దిగలేదు. దిగితే చిన్నబావ మాట నెగ్గినట్టు. అక్క అక్కడ చాప మీద పడుకుని ఉంది, నేనిక్కడ పంతం మీద కూర్చున్నాను. ఎన్నోసార్లు ఆలోచించాను, దీనికి ఇంతకంటే మంచి మాట దొరకలేదు.

సెంట్రల్ చేరేసరికి పన్నెండు దాటింది. బండి వెళ్లిపోయింది. రెండు గంటల తరువాత ప్యాసింజరు దొరికింది. అది ఆగని స్టేషను లేదు. గూడూరులో దిగి, బస్సులో కోట, కోట నుంచి వాకాడు, అక్కణ్ణుంచి నడక. ఊరి మొదట్లోకి వెళ్లేసరికి పొద్దు గూకి చీకటి పడింది, ఆడవాళ్లు స్నానాలు చేసి తడిబట్టలతో తిరిగి వస్తున్నారు. అక్క అత్తగారు నన్ను చూసి నా రెండు చేతులూ పట్టుకుంది.

"వేళకి రాలేకపోయినా చీర పంపినావు, అది చాల్లే అబ్బయా. ఎంత బాగుండాదో నీలం చీర! మీ అక్కకి నీలమంటే ప్రాణమని గుర్తుపెట్టుకోని మరీ తెచ్చినావే."

నా భుజానికి సంచీ ఉంది. సంచీలో పసుపు చీర ఉంది. అక్కకు నీలమంటే ఇష్టమని నాకు తెలియదు.

ఏం జరిగిందో నాకు ఒకరు చెప్పనక్కర్లేకపోయింది. పొద్దు తాటిచెట్ల మీదికి దిగేదాకా ఆగి, ఇక ఆగడానికి లేదని పెద్దలు అన్నప్పుడు, చిన్నబావ సైకిలు మీద వాకాడు బజారుకు వెళ్లి చీర కొని, వదిన తమ్ముడు తన చేతికిచ్చి పంపినాడని అందరికీ చెప్పి కప్పాడు. నన్ను చూడగానే చెంబుతో నీళ్లు తెచ్చి, "కాళ్లు కడుక్కో బావా," అన్నాడు.

ఇద్దరం వల్లకాటికి వెళ్లేసరికి చితి ఇంకా ఎర్రగానే ఉంది. పసుపు చీర అందులో వేద్దామని సంచీలోంచి తీయబోయాను. ఆయన దగ్గరికి వచ్చి చెవిలో చెప్పినట్టు, "వెయ్యబాక బావా. రెండు చీరలైతే జనం అడుగుతారు," అన్నాడు. మళ్లీ సంచీలో పెట్టేశాను.

మంచి మనుషులు కథల్లో ఇలాంటప్పుడు కౌగిలించుకుంటారు. నేను ఆయన్ని ఇంకా ద్వేషించాను. సబ్బు గొడవకు ద్వేషించిన దానికంటే ఎక్కువ. ఆయన నా పరువు కాపాడాడు, ఆ సంగతి ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు, ఎదురుపడిన ప్రతిసారీ అది మా మధ్య నిలబడేది. పెళ్లిళ్లలో ఆయన కూర్చున్న బంతిలో నేను కూర్చునేవాణ్ణి కాదు. ఆయన మాత్రం ప్రతిసారీ, "బాగుండావా బావా," అనేవాడు. రిటైరయి, సముద్రం గాలి ఉంటుందని సూళ్లూరుపేటలో ఇల్లు తీసుకున్నాక కూడా వాకాడు వైపు పనుంటే తప్ప పోలేదు.

నిరుడు చిన్నబావ భార్య పోయింది. ఆవిడ అన్నదమ్ములు బెంగుళూరులో ఉంటారు. నేను వెళ్లేసరికి వాళ్ల ఫోను వచ్చింది, ఇప్పుడు బయలుదేరితే అందుకోలేం, మీరే అక్కడ ఒక చీర కొని మా పేరు మీద కప్పండి, పెద్దకర్మకు వస్తామని. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఒకరు సరేనన్నారు, ఇంకొకరు ఏ రంగు తెమ్మంటారని అడిగారు. అప్పుడు చిన్నబావ నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆ విషయం ఎత్తడం అదే మొదలు.

"బావా, ఆ పసుపు చీర ఉండాదా నీకాడ?"

"లేదు," అన్నాను.

ఉంది. బీరువా కింది అరలో, నా భార్య వేసిన కలరా ఉండలతో, అప్పటి బొంబాయి కాగితంలోనే ఉంది. ఆమె పోయాక కూడా నేను దాన్ని కదిలించలేదు. ఒకరికని కొన్నది ఇంకొకరికి కప్పకూడదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. సూళ్లూరుపేటకు మనిషిని పంపితే రెండు గంటల్లో తెచ్చేవాడు. ఆయన నా కోసం ఒక అబద్ధం ఆడాడు, నేను ఆయనకు ఒక అబద్ధం చెప్పాను. రెండూ ఒకటి కావు. "పోనీలే బావా," అని లేచి వెళ్లి, ఎవరినో వాకాడు బజారుకు పంపాడు. తరువాత ఆయనతో మాట్లాడింది లేదు. ఆ తరువాత వచ్చింది ఆయన పోయిన కబురే.

ఆ ఆదివారం ఆ పిల్ల మెట్రోలోనే సెంట్రల్‌కు వచ్చి, తేలిగ్గా బండి అందుకుని, నేను అనుకున్నదానికంటే ముందే సూళ్లూరుపేటలో దిగింది. "చూసినావా తాతా, నలగకుండా వచ్చినా," అంది. వాకాడు పోయే దారిలో, ఫోను సంచీలో పెట్టి, ఉన్నట్టుండి అడిగింది.

"మా తాత ఒకసారి నీకోసం ఎయిర్‌పోర్టుకి వచ్చినాడంట కదా? నువ్వు టాక్సీ ఇరుక్కుంటదేమోనని, ముందే చీర ఇచ్చి తాతని రైల్లో పంపినావంట. ఎంత తెలివైనోడో మా బావ అని నాకు ఎన్నిసార్లు చెప్పినాడో."

ఇంట్లో వాళ్లకు కూడా ఆయన అలాగే చెప్పాడు. మనవరాలికి కూడా. నేను కిటికీలోంచి మళ్లు చూస్తూ కూర్చున్నాను, కాదని చెప్పలేదు. ఇక్కడే చెబుతున్నాను. చీర నేను ఇవ్వలేదు. ఆయన అడిగాడు, నేను ఇవ్వలేదు.

ఇప్పుడు మద్రాసులో దిగినవాళ్లకు దారి ఫోను చెబుతుంది. మా ఇళ్లల్లో విమానాశ్రయానికి ఎవరూ ఎదురు వెళ్లడం లేదు. పుట్టింటి చీరను పుట్టింటివాళ్లే మోసుకుని రావడమూ, దాని కోసం పాడె ఎత్తకుండా ఆగడమూ మా వైపు ఇప్పుడు లేవు.