మల్లేశ్‌కి అలవాటైన పని

2023 వానాకాలం. కొత్తగూడ ఫ్లైఓవర్ దగ్గరున్న మా ఫిజియోథెరపీ క్లినిక్‌కి ఐటీ వాళ్ళెంత మంది వస్తారో, వాళ్ళని ఆఫీసులకు చేర్చే క్యాబ్ డ్రైవర్లూ అంతే మంది వస్తారు. నడుము నొప్పికి జీతాల తేడా తెలియదు.

ఆ రోజు క్యాబ్ డ్రైవర్ మల్లేశ్ ఆటో దిగి, భార్య లక్ష్మి భుజం పట్టుకుని లోపలికొచ్చాడు. వాళ్ళది హఫీజ్‌పేట్.

"నడుము గుంజుతుంది మేడం. కాలు మొద్దువడ్డది. జర మసాజ్ గిట్ల చేసి పంపుండ్రి, డ్యూటీ ఉంది."

ఇక్కడికొచ్చే ప్రతివాళ్ళకీ మసాజే కావాలి. బోర్డు మీద ఆ మాట ఎక్కడా లేదన్నా నమ్మరు.

బల్ల మీద పడుకోబెట్టి స్ట్రెయిట్ లెగ్ రైజ్ చేశాను. అంటే మోకాలు వంచకుండా కాలు పైకెత్తి చూడటం. నరం నలుగుతుంటే సగంలోనే నొప్పి కాల్లోకి పాకుతుంది. ఎడమకాలు ఎత్తగానే కేక పెట్టాడు. ఒక్క కాలికే అయితే మామూలు సయాటికానే అనుకునేదాన్ని, కానీ కుడిపాదం కూడా తిమ్మిరిగా ఉందన్నాడు. అది నాకు నచ్చలేదు.

నాకు పని నేర్పిన మేడం ఎప్పుడూ ఒకటే చెప్పేవారు: "నడుము నొప్పితో వచ్చినవాణ్ణి, ఒంటికి సరిగ్గా పోతున్నావా అని అడక్కుండా పంపకు." అడిగాను.

మల్లేశ్ నవ్వాడు. "దానికేం ఫికర్ లేదు మేడం. ఈ రోడ్ల మీద బండి యాడ ఆపుతం? ఆపుకునుడు మాకు అలవాటే. నిన్నటి సంది అసలు వస్తనే లేదు. మంచిగనే అయింది."

మంచిగనే అయిందట! పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూస్తే బిగుసుకుపోయి ఉంది.

"కూర్చుంటే కింద సీటు తెలుస్తోందా?"

భార్య వైపు ఒకసారి చూసి తలదించుకున్నాడు. "తెలుస్తలేదు మేడం."

వెన్నెముక చివర నరాలన్నీ ఒక కట్టలా దిగుతాయి. వెన్నుపూసల మధ్య నుంచి జారిన డిస్క్ ఆ కట్టనే నొక్కేస్తే దాన్ని కాడా ఈక్వైనా సిండ్రోమ్ అంటాం. ఆపరేషన్ ఆలస్యమైతే మూత్రం మీద పట్టు ఇక తిరిగి రాకపోవచ్చు, కాళ్ళూ పడిపోవచ్చు. ఆ మాటే ఇద్దరికీ చెప్పి, వెంటనే పెద్ద దవాఖానకి వెళ్ళమన్నాను.

"రేపు పోతం మేడం. ఎయిర్‌పోర్ట్ ట్రిప్పు ఒప్పుకున్న."

లక్ష్మి అతని చొక్కా జేబులోంచి బండి తాళాలు లాక్కుని కొంగున ముడేసుకుంది. "ట్రిప్పు లేదు, గిప్పు లేదు. నువ్వే లేస్తవా, నన్ను ఎత్తుకపొమ్మంటవా?"

ఆ తల్లికి ఇప్పటికీ మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను. నేను న్యూరోసర్జన్‌కు ఫోన్ చేసేలోపే ఆమె ఆటో మాట్లాడేసింది. ఆ రోజే స్కాన్, ఆ రోజే ఆపరేషన్ అయ్యాయి.

మూత్రానికి పెట్టిన పైపు తీసేసిన రోజు మల్లేశ్ ఫోన్ చేశాడు. నా చేతులు ఇంకో పేషెంట్ మోకాలి మీద ఉన్నాయి కాబట్టి స్పీకర్ పెట్టాను.

"మేడం, వచ్చింది! దానంతటదే వచ్చింది!"

ఏం వచ్చిందని అడిగే పని లేకపోయింది. అందరి ముందే కళ్ళు తుడుచుకున్నాను.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగందే రోగి కూడా అసలు సంగతి చెప్పడు. సిగ్గుపడకుండా అడగడం నేర్పిన మా మేడంకి, తాళాలు లాక్కున్న లక్ష్మికి నేను రుణపడి ఉన్నాను.

కొన్ని నెలలు వ్యాయామాలు చేశాక మల్లేశ్ మళ్ళీ బండెక్కాడు. ఇప్పుడు అవసరమనిపిస్తే చాలు, ఎయిర్‌పోర్ట్ ట్రిప్పయినా సరే, పెట్రోల్ బంకు దగ్గర ఆపేస్తాడట. కస్టమర్ విసుక్కుంటే, "ఒక్క నిమిషం సార్, ఒళ్ళు పిలిచినప్పుడే పోవాలె. ఒకసారి పిలుసుడే బందువెట్టింది" అంటాడట.